బంద్ అయిన టైములు

మా కంప్యూటర్‌కి నా పెళ్లికున్నంత వయసుంది. తెలంగాణ వచ్చిన ఏడాదే మా పెళ్లయింది, ఆ ఏడాదే మా ఆయన విజేందర్ దాన్ని కొన్నాడు. పెళ్లిని ఎట్లాగో నెట్టుకొస్తున్నాను గానీ, మొన్న జూన్ నుంచి ఆ కంప్యూటర్ మాత్రం నా ప్రాణం తోడెయ్యడం మొదలుపెట్టింది. చక్కగా పని చేస్తూ చేస్తూ, ఉన్నట్టుండి టప్పున ఆరిపోతుంది. ఓ మూలుగు లేదు, ఓ హెచ్చరిక లేదు. నల్లటి తెరలో నోరు తెరుచుకున్న నా మొహం నాకే కనిపిస్తుంది.

ఆరిపోతే మళ్లీ వేసుకుంటే సరిపోదా అంటారు. మా ఆయనా అదే అన్నాడు. ఆయన పొద్దున ఆరింటికి మహబూబ్‌నగర్‌లో రైలెక్కి షాద్‌నగర్ ఫ్యాక్టరీకి పోయే మనిషి. మధ్యలో ఈ చిన్న ఇంట్లో నేను ఎంత ఉడికిపోతానో ఆయనకేం తెలుసు?

నేను ఏడేళ్లు ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పాను. కరోనాలో ఆ బడి మూతపడింది. ఆ తర్వాత ఏ బడీ పిలవలేదు. వీధిలో నన్ను మెర్సీ టీచర్ అనే వాళ్లు మెల్లగా విజేందర్ భార్య అనడం మొదలుపెట్టారు. అది నాకు ఎంత గుచ్చుకునేదో ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ల కింద ఒక సంస్థ వాళ్లు పోటీ పరీక్షలకు చదివే పిల్లల జవాబు పత్రాలు ఇంట్లోనే కంప్యూటర్ మీద దిద్దే పని ఇచ్చారు. ఎర్ర పెన్ను లేకపోయినా మార్కులు వేసేది నేనే. టీచర్నని నాకు నేను చెప్పుకోవడానికి మిగిలింది అదొక్కటే.

దానికో నియమం ఉంది. పేపరు మొదలుపెడితే పూర్తి చేసే లేవాలి. మధ్యలో ఆగితే పది నిమిషాల్లో మళ్లీ లోపలికి రావాలి. రాలేకపోతే ఆ పేపరు మూసుకుపోతుంది, మన పేరు మీద ఒక హెచ్చరిక పడుతుంది. మూడు పడితే ఇంక మనతో పని లేదు. మా కంప్యూటర్ ఆరిపోయాక కళ్లు తెరవడానికే ఎనిమిది నిమిషాలు తీసుకుంటుంది. మిగతా రెండు నిమిషాల్లో పాస్‌వర్డ్ కొట్టి, ఫోనుకొచ్చిన నంబరు కొట్టి, ప్రభువును తలుచుకుని లోపల పడాలి. జూన్ పన్నెండున ఒకసారి తప్పాను. ఇరవైన రెండోసారి తప్పాను.

మొదటి వారంలోనే రాజేశ్‌ని పిలిపించాను. బస్టాండు దగ్గర కంప్యూటర్ల షాపు నడిపే మనిషి, నలభై ఏళ్లుంటాయి, మాటకు ముందు తల గోక్కుంటాడు. డబ్బా విప్పి దుమ్మంతా బయటికి ఊది, మెమరీ పట్టీని బయటికి తీసి చిన్నపిల్లలు వాడే రబ్బరుతో తుడిచి పెట్టాడు. ఫ్యాను మార్చాడు. నాకు అప్పుడప్పుడు ఏదో మాడిన వాసన వస్తోందంటే, పాపం, లోపల తల పెట్టి మరీ వాసన చూశాడు.

"ఏం మాడలే అక్కా. నువ్వొక పని జెయ్యి. ఎప్పుడెప్పుడు బంద్ అయితాందో తారీకు, టైము రాసిపెట్టు. మల్ల వచ్చినప్పుడు జూస్త," అన్నాడు.

నాకు ఈ మాట బాగా నచ్చింది. మూడో హెచ్చరిక వస్తే, తప్పు నాది కాదు, పాత మిషనుది అని ఆ సంస్థ వాళ్లకు చూపించడానికి ఓ రుజువు ఉంటుంది. రెండొందల పేజీల నోటుబుక్కు తెరిచి, పైన 'బంద్ అయిన టైములు' అని రాసి కింద గీత కొట్టాను. బడి అలవాటు మరి.

మా అత్తమ్మ బిక్షమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఉండేది. "గదేంది బిడ్డా, గంటలు రాస్తున్నవు?"

"నీ కొడుకు కొన్న బంగారం ఎన్నిసార్లు సస్తాందో లెక్క రాస్తున్న అత్తమ్మా. కంపెనీ వాళ్లకు జూపియ్యాలె."

"రాయి, రాయి," అని వెనక గదిలోకి వెళ్లిపోయేది. ఆమెకు డెబ్బై దగ్గర పడ్డాయి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుంది. కాళ్లు నొస్తున్నయా అంటే "ఏం కాలే" అంటుంది. నాలుగేళ్ల కింద మా మామ పెద్దులు కాలు నొప్పి అంటే పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. నడుచుకుంటూ పోయిన మనిషి పన్నెండో రోజు ప్రాణం లేకుండా అంబులెన్సులో ఇంటికొచ్చాడు. అప్పటినుంచి అత్తమ్మకు దవాఖాన అంటే చర్చిలో కూడా పేరెత్తని జాగా.

జూన్ ఇరవై నాలుగున రాజేశ్ మళ్లీ వచ్చాడు. నోటుబుక్కులో మూడు పేజీలు నిండిపోయాయి. మొదట్లో రోజుకు ఒకసారి, తర్వాత రెండు, ఆ వారంలో నాలుగైదుసార్లు. రాజేశ్ వేలు పెట్టి ఒక్కొక్క టైమే చదివాడు.

"వేడెక్కి బంద్ అయితే మస్తుసేపు నడిచినంక అయితది. గిది గట్ల లేదు. కరెంటు గుంజినట్టు ఒక్కసారే పోతాంది. ఇంట్ల ఏమన్న పెద్దది పెడ్తున్నరా? హీటరో, ఇస్త్రీపెట్టో?"

"మాకు హీటర్ లేదు. ఇస్త్రీ మా ఆయన ఆదివారం జేస్కుంటడు. గా రోజు నేను కంప్యూటరే వెయ్య."

"మీ ఇంట్ల వైరు పాతది అక్కా. ఈ రూము, ఎనక రూము ఒక్కటే లైను. దీంట్లకు కరెంటు ఇచ్చే డబ్బా గూడ ముసలిదైంది, జర కరెంటు తగ్గితే తట్టుకోలేదు. యూపీఎస్ ఉంటే ఇగ ఏం ఫికర్ లేదు."

యూపీఎస్ ఉంది. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోతే, దాన్ని పూలకుండీకి పీట చేశాను. కొత్తది హైదరాబాద్ నుంచి తెప్పిస్తానని, వారం పడుతుందని రాజేశ్ చెప్పాడు. అత్తమ్మ అప్పటికే చాయ్ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చేతిలో చాయ్ చల్లారిపోయిందని తాగేటప్పుడు తెలిసింది. ఎంతసేపటినుంచి నిలబడిందో నేను ఆలోచించలేదు.

నా బుర్ర ఇంకెక్కడో ఉంది. ఇంట్లో ఎవరూ ఏమీ పెట్టడం లేదంటే బయటివాళ్లెవరో నా కరెంటు లాగుతున్నారు. మా ఇంటి వెనకే గురవయ్య వెల్డింగ్ షాపు ఉంది, కొత్తగా పెట్టింది. ఇంకేం, రాజేశ్ గేటు దాటకముందే నేను చెప్పులేసుకుని గురవయ్య మీద పడ్డాను. నీ ఇనుప గేట్ల కోసం నా బతుకు ఆర్పేస్తావా అని అడిగాను. చర్చి మీటింగుల్లో కూడా అంత గట్టిగా ఎన్నడూ మాట్లాడలేదు.

పాపం ఆయన కళ్లకు పెట్టుకున్న నల్లద్దం పైకెత్తి, "అక్కా, మాది త్రీఫేజ్. లైనే వేరే. గా స్తంభం నుంచి వస్తది, సూడు," అన్నాడు.

"స్తంభాలు నాకు జూపియ్యకు. నువ్వు పెట్టుడు, నాది బంద్ అవుడు, అంతే!"

మర్నాడు కంప్యూటర్ ఆరిపోలేదు. ఆ మర్నాడూ లేదు. వారం గడిచింది. నేను గెలిచాననుకున్నాను. గురవయ్య ఎదురైతే తల ఎగరేసి పోయేదాన్ని. రాజేశ్‌కి ఫోన్ చేసి యూపీఎస్ అక్కర్లేదని చెప్పేశాను. నోటుబుక్కును టేబుల్ సొరుగులో పడేశాను. రోజుకు ముప్పై పేపర్లు దిద్దాను, ఓ రోజు నలభై. పాటలు కూడా పాడుకున్నాను, సిగ్గు లేకుండా.

ఆ రోజుల్లో అత్తమ్మ బయటి అరుగు మీద కూర్చోవడం మానేసింది. ఆదివారం చర్చికి రాలేదు, జ్వరం వచ్చినట్టుంది అంది. ఒళ్లు పట్టి చూస్తే చల్లగానే ఉంది. మంచినీళ్లు నువ్వే తెచ్చియ్యి బిడ్డా అంటే తెచ్చిచ్చి, మళ్లీ పరుగెత్తుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడ్డాను. ఇవన్నీ నాకు కనిపించాయి. కనిపించలేదని అబద్ధం ఆడను. పని అయ్యాక చూద్దాంలే అనుకున్నాను, పని అవ్వలేదు.

జూలై పదకొండు. ఓ పిల్ల జవాబు పత్రం తెరిచి ఉంది, కృష్ణా నది మీద ప్రశ్న, చక్కటి రాత. ఏడో పేజీలో ఉండగా వెనక స్నానాల గదిలో బకెట్ పడ్డ చప్పుడు, దాని వెనకే ఇంకో చప్పుడు వినిపించాయి. బకెట్ చప్పుడు కాదది.

తలుపు గడియ పెట్టి లేదు. అత్తమ్మ తడి నేల మీద కూర్చుని ఉంది, ఒక కాలు మడత పడి ఉంది. లేవబోతోంది, లేవలేకపోతోంది. నోట్లో కొంగు కుక్కుకుంది, అరుపు నాకు వినపడొద్దని. నేను చంకల కింద చేతులు వేసి లేపుతుంటే చీర పక్కకు జరిగింది. రెండు మోకాళ్ల మీదా గోధుమరంగు మచ్చలు, ఒకదాని మీద ఒకటి. ఒక పక్క మొన దేరి, ఇంకో పక్క వెడల్పుగా ఉన్నాయి. ఆ ఆకారం ఏమిటో తెలుసుకోవడానికి సోషల్ టీచరే కానక్కర్లేదు.

"గిదేంది అత్తమ్మా?"

ఆమె చీర కప్పుకోబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"ఇస్త్రీపెట్టె బిడ్డా. తువ్వాల సుట్టి పెట్టుకుంట. జర ఇడుస్తది నొప్పి. ఒక్కోసారి తువ్వాల జారితే సుర్రుమంటది గంతే."

"ఎప్పటిసంది?"

"ఎండకాలం సంది. మొదాలు పొద్దుగాల్ల ఒక్కసారి పెడ్తె ఆగేది. తర్వాత ఆగలే. దవాఖానకు తోల్కపోతరని జెప్పలే. మీ మామ లెక్క నేను గూడ..." అని తల తిప్పుకుంది. "గా పిలగాడు జెప్పిండు గద, ఇస్త్రీపెట్టెతోటి నీ కంపూటర్ బంద్ అయితాందని. గా రోజు సంది ముట్టలే. దేవుని తోడు, ఒక్కసారి గూడ ముట్టలే. నా కాళ్ల నొప్పికి నీ కొలువు పోతె ఎట్ల?" అంది.

పదిహేడు రోజులు. ఈ గదిలో ఆమె నొప్పిని నోట్లో కుక్కుకుంటే, ఆ గదిలో నేను పాటలు పాడుకున్నాను. ముందు గదిలో పేపరు తెరిచే ఉంది. పోయి ఓ మీట నొక్కి వస్తే ఇంకో పది నిమిషాలు దొరుకుతాయి. ఆ సంగతి నాకు గుర్తుంది. అత్తమ్మకూ గుర్తుంది.

"పో, నీ పని జేస్కొని రా. నేను కూసుంట," అంది.

పోలేదు. ఆమెను చేతుల మీద మోసుకుంటూ మంచం దాకా తెచ్చి, పొడి చీర కట్టి, ఆటో కోసం వీధిలోకి పరుగెత్తాను. ఆటో దొరకలేదు. గురవయ్యే షాపులో పని ఆపి, తన ట్రాలీ బండి వెనక పరుపు వేసి తీసుకొచ్చాడు. ఆయన మొహం చూడలేకపోయాను. నేను నోరు తెరవబోతే, "పట్టుండ్రి అక్కా, కాలు జాగ్రత్త," అన్నాడు, అంతే. పోయేటప్పుడు ఎందుకో సొరుగు లాగి నోటుబుక్కు సంచిలో వేసుకున్నాను.

దవాఖాన బెంచీ మీద ఉండగా ఫోను మోగింది. మూడో హెచ్చరిక. ఇరవై నాలుగు గంటల్లో కారణం, రుజువుతో పంపకపోతే పని నుంచి తొలగిస్తామని ఉంది. చదివి సంచిలో పెట్టుకున్నాను. అత్తమ్మ నా మొహమే చూస్తోంది.

లోపల డాక్టరమ్మ మోకాళ్లు నొక్కి చూసింది, మచ్చలు చూసి నావైపు చూసింది. ఆ చూపుకు నేను తలొంచుకున్నాను.

"ఎన్ని రోజుల నుంచమ్మా నొప్పి? రోజుకు ఎన్నిసార్లు వస్తుంది?"

"గిప్పుడే డాక్టరమ్మా, మొన్నటిసంది. అప్పుడప్పుడొస్తది. గోలీలిస్తే ఇంటికి పోత," అంది అత్తమ్మ. తలుపు వైపే చూస్తోంది.

నేను నోటుబుక్కు తీసి బల్ల మీద తెరిచాను. "ఇందులో ఉంది మేడం. ఈమె నొప్పికి ఆగలేక ఇస్త్రీపెట్టె పెట్టుకున్న టైములు."

డాక్టరమ్మ పేజీలు తిప్పింది. జూన్ తొమ్మిది, పదకొండుంబావు. పది, పదకొండున్నర. పదిహేను, పది గంటలు, మళ్లీ మూడున్నర. ఇరవై మూడు, ఐదుసార్లు. అన్నీ నా చేతి రాతే, పక్కన నా తిట్లతో సహా. 'మళ్లీ చచ్చింది' అని రాశాను ఓ చోట. 'దీన్ని బావిలో పారెయ్యాలి' అని ఇంకో చోట.

"జూన్ ఇరవై నాలుగు తర్వాత ఏమీ రాయలేదు. తగ్గిందా?"

"తగ్గింది, తగ్గింది," అంది అత్తమ్మ గబగబా.

"తగ్గలేదు మేడం," అన్నాను. "నా పని ఆగొద్దని ఓర్చుకుంది."

డాక్టరమ్మ ఎక్స్‌రేకు రాసి, "ఈ పేజీలు కేసు కాగితాలకు జతచేసుకుంటాను, ఇవ్వగలరా?" అని అడిగింది.

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నీకు గావాలె గద బిడ్డా అవి? కంపెనీ వాళ్లకు జూపిస్తనన్నవు గద?"

నేను నోటుబుక్కులోంచి మూడు పేజీలూ చింపి బల్ల మీద పెట్టాను.

"అవి నావి కావు అత్తమ్మా," అన్నాను. "నీవే."