గోడవతలి పదమూడో ఎక్కం

నేను ఒక క్యాసెట్‌ను. అరవై నిమిషాల సరుకును, పక్కకు ముప్పై. నాలో కొత్తది చేరాలంటే పాతది పోవాలి. ఈ బేరంలో నాకెప్పుడూ నష్టం రాలేదని చాలాకాలం మురిసిపోయాను.

ఫ్యాక్టరీ నుంచి కరీంనగర్‌లో ఒక పాటల దుకాణానికి చేరాను. కొన్నాళ్ళు పెళ్ళిపందిళ్ళలో సన్నాయి వాయించాను. తర్వాత సుదర్శనం అనే పరిశోధకుడు నన్ను కొన్నాడు. నిజాం కాలంలో పల్లెల్లో పిల్లలు ఎలా చదువుకున్నారో ముసలివాళ్ళ నోట విని రికార్డు చేయడం అతని పని. రిజిస్టర్లకెక్కని చదువును పట్టుకుంటానని బయలుదేరినవాడు, ఎవరి దగ్గర కూర్చున్నా ముందు అడిగేది మాత్రం "రిజిస్టర్ల మీ పేరుందా?" అనే.

నా మొదటి పక్క వేరే ఊళ్ళో నిండింది. రెండో పక్కన, సిరిసిల్ల దగ్గరి నేతకారుల ఊళ్ళో, దూడం అంబవ్వ మాట్లాడింది.

"రాస్కో సారూ, నా పేరు దూడం అంబవ్వ. గీ పేరు ఏ బుక్కుల లేదు. నీ బుక్కుల ఉండాలె."

వాళ్ళ ఇంటి గోడకు అవతలే పంతులు బడి. చిన్నప్పుడు మగ్గానికి నూలు కండెలు చుడుతూ బడిలో వల్లించేవన్నీ వినేదట. ఒకరోజు పదమూడో ఎక్కం దగ్గర ఒకడు ఆగిపోతే, ఇవతల నుంచి ఈమె అందించింది. పంతులు నవ్వి, గడప దగ్గర కూర్చోమన్నాడు. పేరు మాత్రం రాసుకోలేదు. మూడేళ్ళు అలా గడప దగ్గరే చదువుకుంది. చివర్లో నమ్మకం కోసం ఆ ఎక్కం మొత్తం చెప్పి, పకపకా నవ్వింది.

మర్నాడు అదే ఊళ్ళో రిటైరైన హెడ్మాస్టరు దొరికాడు. సుదర్శనం సంచిలో ఖాళీ క్యాసెట్ లేదు. చేతిలో నన్ను తిప్పి చూశాడు. నా వెన్ను మీద చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. పెన్ను మొనతో వాటిని విరిస్తే మళ్ళీ రికార్డు కాదు. అవి విరవలేదు. అవ్వ పేరు రిజిస్టరులో లేదు కదా అనుకుని, రెండో పక్కను మళ్ళీ మొదటికి తిప్పి రికార్డు మీట నొక్కాడు.

నేనూ అలాగే లెక్క వేసుకున్నాను. పెద్దసారు గొంతు చేరితే నా విలువ పెరుగుతుందనుకున్నాను. వానాకాలంలో టేపు చిక్కుపడటం మా జాతికి మామూలే. ఆ రోజు బయట వాన. నేను మాత్రం ఒక్క ముడి పడకుండా నున్నగా తిరిగాను. ఇరవై ఆరు నిమిషాలు. "నిజాం జమానల మా ఊళ్ళె ఆడపిల్ల అక్షరం ముఖం చూడలే" అన్నాడు ఆయన. ఆ మాట అవ్వ పేరు మీదుగానే పడింది.

మూడేళ్ళకు పుస్తకం వచ్చింది. సుదర్శనం ఒక ప్రతి పట్టుకుని అవ్వ ఇంటికీ వెళ్ళాడు. నేను అతని సంచిలో ఉన్నాను. అవ్వ కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు ఆనించి, పేజీ వెంట పేజీ చదివింది. ఒకచోట వేలు ఆగింది.

"'ఈ ఊరిలో ఆ కాలమున ఏ బాలికయు చదువు నేర్చినట్లు ఆధారము లేదు.' గిట్ల రాసినవా సారూ?"

"పుస్తకానికి ఆధారం కావాలె అవ్వా..."

"మరి గిప్పుడు నేను ఏం జేస్తున్న? ఆధారం నీకు ఇయ్యలేదా, గా డబ్బల?"

అతను తలవంచుకుని నన్ను టేపురికార్డరులో పెట్టి మీట నొక్కాడు. హెడ్మాస్టరే పలికాడు. ఇరవై ఆరు నిమిషాలూ ఆయనే. ఆ తర్వాత చిన్న టక్కుమనే చప్పుడు, దాని వెనక అవ్వ గొంతులో మిగిలిన నాలుగు నిమిషాలు: "...పదమూడు తొమ్మిదులు నూట పదిహేడు..." ఆ నవ్వు. పేరు మొదట్లోనే చెప్పింది కాబట్టి, అది లేదు.

"పెన్నియ్యి" అంది అవ్వ. నా అట్ట మీద తనే రాసుకుంది, గుండ్రటి అక్షరాలతో: దూడం అంబవ్వ. అప్పుడు సుదర్శనం నా వెన్ను మీది పలకలు విరిచాడు. హెడ్మాస్టరు మాట కూడా ఇక చెరగదు.

ఇప్పుడు ఒక గ్రంథాలయం బీరువాలో ఉన్నాను. అప్పుడప్పుడు ఎవరో నా మీది పేరు చూసి ఆశగా తీసుకుంటారు. మగగొంతు వినబడగానే పొరపాటైందనుకుని ఆపేస్తారు. పైన ఒక పేరు, లోపల వేరే సరుకు. ఇంకో ఇరవై ఆరు నిమిషాలు ఆగండి అని చెప్పడానికి నాకు సొంత గొంతు లేదు. ఉన్నా, ఏ ముఖం పెట్టుకుని చెప్పను?