చేనుకు కట్టిన ‘మొదటి షిఫ్టు’

నేను ఒక సీడీని. నాలో మొహం చూసుకుని దువ్వెన తీయకండి, మనుషుల మొహాలు నాకు గిట్టవు. మూడేళ్ళుగా మొక్కజొన్న చేలో నైలాను దారానికి వేలాడుతూ చిలుకలను తరుముతున్నాను. చిలుకలే నయం. వద్దంటే పోతాయి.

నా పేరు ‘మొదటి షిఫ్టు’. గోదావరిఖనిలో ఓదెలు, జబ్బార్ అని ఇద్దరు దోస్తులు ‘ఖని కాకులు’ అని పేరు పెట్టుకుని కట్టిన తొలి హిప్ హాప్ ఆల్బమ్‌ని. ఏడు పాటలు. అవి పాటలో, నల్లా దగ్గర తగువో చెప్పడం కష్టం. బతుకమ్మ పండుగనాడు వినిపిస్తానని కేబుల్ టీవీ ఆయన మాటిచ్చాడు. ఊరంతా ఒక్కసారి వింటే చాలు, ఆ ఇద్దరి జన్మ తరించేది.

నేను పుట్టింది పోచమల్లు ఫొటో స్టూడియో వెనక గదిలో. శబ్దం బయటికి పోకుండా గోడలకు గుడ్ల అట్టలు, మూలల్లో స్పాంజి దట్టించాడు. అన్ని అట్టలకు సరిపడా గుడ్లు తినేసరికి పోచమల్లు తెల్లారి కూత కూస్తాడేమోనని అతని పెళ్ళాం నెల రోజులు భయపడింది.

ఏడో పాటకు డప్పు కావాలన్నారు. ఓదెలు తాత లస్మయ్య వచ్చాడు. ఆయన కులపెద్ద, అన్నదమ్ముల పంపకాలు తీర్చడంలో దిట్ట. డప్పును మంటకు కాస్తేనే తోలు బిగుస్తుంది, లేకుంటే నానిన అట్టను కొట్టినట్టే. బయట ముసురు. అందుకని గదిలోనే పేపరు ముట్టించి కాచారు. పాట అదిరింది. పోచమల్లు నన్ను తయారుచేసి, డబ్బాలో పెట్టి వాళ్ళ చేతికిచ్చి తాళం వేశాడు. రెండు గంటల తర్వాత మూలనున్న స్పాంజి రాజుకుని గది, కంప్యూటరు అన్నీ బుగ్గి అయ్యాయి. ఆ పొగకు గోదావరి అవతలి కొంగలు నల్లబడి వారం దాకా కాకుల్లో కలిసి తిరిగాయి. నమ్మకపోతే మానండి. లోకంలో మిగిలింది నేనొక్కదాన్నే.

మిగిలినందుకు సంతోషించాలి కదా? మనుషులాయె!

“మండుతున్న కాగితం మూలకు పారేసింది నువ్వే!” అన్నాడు ఓదెలు.

“నీ కండ్లు పేలిపోయినయా బై? నేను మైకు ముంగట ఉన్న. నువ్వే పారేసినవ్!”

“అబద్ధాలాడకు. నీ గొంతే కాదు, నువ్వు కూడా నకిలీ.”

వారం రోజులు ఇదే. చివరికి తగువు లస్మయ్య ముందుకు పోయింది. ఆయన గబగబా పంచె సర్దుకుని కూర్చున్నాడు. ఒకసారి విని చూద్దామని పోచమల్లు అనబోతే, “వినుడెందుకు? వింటే పగ పెరుగుతది. ఆస్తి లెక్క పంచుకోండ్రి. పెద్దోడు పంచాలె, చిన్నోడు కోరుకోవాలె. ఒకడు లేకుంట ఇంకొకడు వినద్దు, ఒట్టు!” అన్నాడు.

జబ్బార్ రెండు నెలలు పెద్ద. కసిగా డబ్బా ఊడబీకి, నన్నొక పక్క, డబ్బానొక పక్క పెట్టాడు. ఓదెలు నన్ను లాక్కున్నాడు. పండుగ వచ్చింది. ఓదెలు నన్ను పట్టుకుపోతే, పేర్లున్న డబ్బా లేదు కనుక దొంగ కాపీ అని కేబుల్ ఆయన నన్ను ముట్టుకోలేదు. ఆ సాయంత్రం పాత పాటలే మోగాయి. ఓదెలు నన్ను తెచ్చి చేనుకు కట్టాడు. కాకులు పాడిన పాట చిలుకలను బెదిరించడానికి పనికొచ్చింది.

జబ్బార్ ఆటో నడుపుతూ ఆ ఖాళీ డబ్బాను స్టీరింగు ముందు పెట్టుకున్నాడు. మొన్న చేపలమ్మే ముసలమ్మ ఎక్కి, “డబ్బా మీద బొమ్మ నీదేనా బిడ్డా? వినిపియ్యరాదూ?” అంది. లోపలేం లేదని ఒప్పుకున్నాడు. “థూ! చేపలు లేని గంప నెత్తిన పెట్టుకుని నేను తిరుగుతనా?” అంది.

ఆ మిట్టమధ్యాహ్నమే ఆటో చేను గట్టున ఆగింది.

“సీడీ ఇయ్యి,” అన్నాడు జబ్బార్.

“డబ్బా ఇయ్యి,” అన్నాడు ఓదెలు.

ఇద్దరూ ఇవ్వలేదు. ఇద్దరికీ వినాలనుంది. ఒట్టు ప్రకారం ఇద్దరూ ఉన్నారు కనుక ఆటోలోని ప్లేయరులోనే నన్ను పెట్టారు. మూడేళ్ళ ఎండ, దారం ఒరిపిడి! మొదటి పాట కీచుమంది, రెండోది దగ్గింది, ఆరో పాట దాకా అంతే. ఓదెలు మొహం చేతుల్లో దాచుకున్నాడు. నాకు జాలి కలగలేదు.

ఏడో పాటకు ముందు, పోచమల్లు బద్ధకంతో కోసివేయని మాటలు ఉన్నాయి. అవి మాత్రం గంట కొట్టినట్టు పలికాయి.

“తాతా, కాలిందా డప్పు?”

“కాలింది. కాగితం మూలకు పారేసిన, ఆరిపోతది తియ్. కొట్టుదామా? అవుగని, మైకు మీద ఆ ఎర్రలైటు ఏందిరా?”

అడిగింది ఓదెలు. జవాబు వచ్చేసరికి అందరూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పాట మోతలో ఉన్నారు.

నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. చెప్పడానికే పుట్టాను, విననిది వీళ్ళే.

ఇద్దరూ లస్మయ్య మీదికి పోయారు. ఆయన చుట్ట తీయకుండానే, “మిమ్ములను విడదీయకుంటే ఇద్దరు కలిసి నన్ను తన్నేటోళ్ళు గదరా,” అన్నాడు.

“ఇప్పుడు తన్నమా?” అన్నాడు ఓదెలు.

“మూడేండ్లు, తాతా. మూడేండ్లు వీని మొహం చూడలే,” అన్నాడు జబ్బార్. తాత చుట్ట ఆరిపోయింది, మళ్ళీ ముట్టించలేదు.

ఇప్పుడు ఆ ఇద్దరూ తాతను తిడుతూ కొత్త పాట కట్టారు. దానికి డప్పు తాతే కొడుతున్నాడు, ఆయనకు శిక్ష అదే. కాచడం మాత్రం గదిలో కాదు, వాకిట్లో, పక్కన బిందెడు నీళ్ళు పెట్టుకుని.

మరి నేనా? ఈసారి పంపకాల్లేవు. ఇద్దరూ కలిసే తెచ్చి మళ్ళీ చేనుకు కట్టారు. ముడి మాత్రం గట్టిగా వేశారు.