ఎడమవైపు ముడి

దుప్పటి మారుస్తూ పరుపు మూలను తడిమిన సూదమ్మకు, అక్కడున్న ముడి తను వేసింది కాదని వేలికొసకే తెలిసిపోయింది.

దుప్పటి వదిలేసి మోకాళ్లమీద కూర్చుంది. కిటికీ రెక్క బార్లా తెరిచి, వెలుతురులో ముడిని పరీక్షగా చూసింది. దారం అదే దారం. కుట్లు దగ్గరదగ్గరగా, ఒద్దికగా ఉన్నాయి. ముడి కూడా తన ముడే, రెండు మెలికలు, మీద ఒక ఉచ్చు. కాకపోతే దారం కొస ఎడమవైపుకు వాలి ఉంది. ఆమె వేసే ముడికి కొస ఎప్పుడూ కుడివైపే ఉంటుంది. పెళ్లికి ముందు నుంచీ పరుపులు కుడుతున్న చెయ్యి అది. నిద్రలో వేసినా కుడివైపే పడుతుంది.

ఎవరో విప్పారు. విప్పి, మళ్లీ కుట్టారు.

వంటగదిలోంచి కత్తి తెచ్చి, ముడి చెడకుండా దాని పక్కన కోసింది. ఆ దారం ముక్కను చీర కొంగుకు కట్టుకుంది. దూదిలోకి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చింది. ప్లాస్టిక్ సంచి తగిలింది. హమ్మయ్య అనుకుంది. సంచి బయటికి లాగి చూసింది. మూడు పాస్‌పోర్టులు ఉండాలి. రెండే ఉన్నాయి. ఒకటి తనది, ఒకటి కూతురిది.

శనివారం బస్సు. సరిహద్దు దాటగానే పక్క దేశంలో మొదటి పట్నం. అక్కడ పరుపుల ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడు అక్కకు మిషను దగ్గర పని, బావకు గోడౌన్‌లో పని, పిల్లకు బడి, ముగ్గురికీ ఒక గది మాట్లాడిపెట్టాడు. "ఈ వారం దాటితే ఎవరూ ఆగరక్కా, వెనక బోలెడంత మంది ఉన్నారు" అని మరీ మరీ చెప్పాడు. ఇక్కడ చూస్తే పరుపులు కుట్టే షెడ్డులో పని రోజురోజుకీ తగ్గుతోంది. దూది పరుపులు ఎవరికి కావాలి? ఈ బస్సు తప్పితే ఇక ఇంతే సంగతులు.

పెట్టెలో పెట్టి తాళం వేస్తే దొంగకు దారి చూపించినట్టేనని, తను పడుకునే పరుపులోనే దాచి కుట్టింది. కూతురికి కూడా చెప్పలేదు. మొగుడికి చెప్పింది. షెడ్డులో నోరు జారి, తనతో కుట్టే వదినకు చెప్పింది. అంతే.

మొగుడు వరండా గోడకు తగిలించిన అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాడు. వీధిలో అందరూ లిఫ్టాయన అంటారు. ప్రయాణం అనుకున్నప్పటి నుంచీ అతని నోటికి తలుపు లేదు. పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అందరికీ చెప్పుకున్నాడు.

"ఏమయ్యా, ఎవరో పరుపు విప్పారు. ఒకటి పోయింది."

అతని చేతిలో కత్తి ఆగింది. సగం మొహం నురగ, సగం మొహం నున్నగా ఉంది. అద్దంలోంచి చూపు తిప్పలేదు.

"పోయిందా? అయితే ఇంకేముంది, నాకు కొత్తది రావాలంటే నెలలు పడుతుంది. మీరిద్దరూ శనివారం బస్సెక్కండి. నేను వెనకాల వస్తాను."

"తాళం తాళంలాగే ఉంది. తలుపు తలుపులాగే ఉంది. దొంగ ఎలా వచ్చాడు?"

"దొంగకి తలుపులేమిటే పిచ్చిదానా" అంటూ మళ్లీ గీసుకోవడం మొదలుపెట్టాడు. గడ్డం కింద చిన్నగా తెగింది.

సూదమ్మ గబగబా అన్నం డబ్బా సర్దుకుని మెట్లు దిగింది. కింద, గది అద్దెకిచ్చిన ఇంటావిడ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె దగ్గర అన్ని గదులకూ మారు తాళాలుంటాయి.

"ఏం సూదమ్మా, సర్దుకోవడాలు అయ్యాయా? గది ఖాళీ చేస్తే ముందు నాకు చెప్పాలి సుమా. మా తమ్ముడు అడుగుతున్నాడు."

మారు తాళం. తమ్ముడు. ఖాళీ గది. సూదమ్మ ఆవిడ వేళ్ల వంక చూసింది. కీళ్లన్నీ వాచి ఉన్నాయి. పోయిన వారం చిరిగిన జాకెట్టు పట్టుకుని, సూదిలో దారం ఎక్కించి పెట్టమని ఈవిడే పైకి వచ్చింది. ఆ కళ్లు, ఆ వేళ్లు ఈ ముడి వెయ్యలేవు.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. కూలి కోసం కుట్టే ముడి అది. షెడ్డులో ముడిని బట్టి ఏ పరుపు ఎవరిదో మేస్త్రీ ఇట్టే చెప్పేస్తాడు. బయటి దొంగ అయితే నాలుగు పిచ్చి కుట్లు వేసి పారిపోతాడు. ఇది తన చేతిని చూసి నేర్చుకున్న చెయ్యి. ఎదురుగా కూర్చుని నేర్చుకున్న చెయ్యి. అందుకే అద్దంలో చూసినట్టు కుడి ఎడమయింది.

తనకు ఎదురుగా కూర్చునేది ఎవరు?

షెడ్డులో ఒక్కో పరుపుకూ ఇద్దరు. పరుపును చట్రంలో నిలబెడతారు. ఇటునుంచి ఒకరు దబ్బనం పొడిస్తే, అటునుంచి రెండో మనిషి లాగి మళ్లీ ఇటు పొడుస్తుంది. మధ్యలో పరుపు అడ్డం. మొహాలు కనపడవు, మాటలే. కుట్టడం అయ్యాక పరుపును బల్లమీద పడుకోబెట్టి, చెరోవైపు కూర్చుని అంచులు మూస్తారు. సూదమ్మకు ఎదురు మనిషి వదిన. చుట్టరికమేమీ లేదు, పిలుపు అలా స్థిరపడిపోయింది. భారీ మనిషి. నవ్వితే పరుపు కూడా కదులుతుంది. సన్నగా, నిటారుగా, నోరు తెరిస్తే గుచ్చుకునేలా ఉంటుందని సూదమ్మకు ఆ పేరు పెట్టింది కూడా ఆవిడే.

"అక్కడ పరుపులు మిషన్లే కుడతాయటగా" వదిన గొంతు దూది వెనకనుంచి వచ్చింది. "మిషనుకి ఎదురుగా కూర్చుని ఎవరిమీద చాడీలు చెప్తావే? అది వింటుందా, పెడుతుందా?"

సూదమ్మ దబ్బనం పొడిచింది. మామూలుకన్నా గట్టిగా.

"అమ్మో! నా చెయ్యి ఇటువైపే ఉందే తల్లీ. ఏమయింది ఇవాళ?"

ఆదివారం వదిన ఇంటికొచ్చింది. టీ పెట్టడానికి తను వంటగదిలోకి వెళ్లింది. వదిన ఎంతసేపు ఒంటరిగా ఉంది? తను వెళ్లిపోతే వదినకు జోడీ ఉండదు. జోడీ లేని మనిషిని మేస్త్రీ ఉంచుకోడు. ఆలోచించేకొద్దీ అన్నీ అతికినట్టు సరిపోయాయి.

పరుపును బల్లమీదికి దించాక, మొహాలు ఎదురుపడ్డాక, ఇక ఆపుకోలేకపోయింది.

"వదినా, ఆదివారం నేను టీ పెడుతుంటే నువ్వెక్కడ కూర్చున్నావు?"

"మీ మంచంమీద. మీ ఇంట్లో సింహాసనమేమైనా ఉందా, దానిమీద కూర్చోడానికి?"

"పరుపు విప్పి ఆయన పాస్‌పోర్టు తీశారు ఎవరో. మళ్లీ కుట్టారు. నా ముడే. ఎదురుగా కూర్చుని నేర్చుకున్న చెయ్యి."

వదిన నవ్వు సగంలో ఆగిపోయింది. "ఎవరు? నేనంటావా?"

"నేను పోతే నీ పని పోతుంది. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు."

వదిన, దబ్బనం దిగకుండా అరచేతికి కట్టుకునే తోలును మెల్లిగా విప్పింది. కుడిచెయ్యి బల్లమీద వెల్లకిలా పెట్టింది. బొటనవేలు కర్రముక్కలా బిగుసుకుని ఉంది. ఎప్పుడో దబ్బనం దిగి, చీము పట్టి, అప్పటి నుంచి వంగని వేలు.

"ముడి వెయ్యమంటే ఏ వేలితో వెయ్యను? నా వైపు ముడులు కూడా ఇన్నేళ్లుగా నువ్వే వేస్తున్నావు కదే, మేస్త్రీకి తెలియకుండా. మర్చిపోయావా?"

సూదమ్మ నిజంగానే మర్చిపోయింది. రోజూ తన వైపు ముడులు వేసుకుని, బల్ల చుట్టూ తిరిగొచ్చి ఆవిడ వైపువి కూడా వేస్తుంది. ఊపిరి పీల్చినట్టు చేసే పని. పీల్చామని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

"వదినా..."

"వద్దులే." వదిన గొంతు పెంచలేదు. డబ్బా సంచిలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుంది. "జోడీ పోతే పని పోతుందని నాకూ తెలుసు. అయినా నీ ప్రయాణానికి రొట్టెలు ఎన్ని చెయ్యాలా అని ఆలోచిస్తున్నాను చూడు, అదీ నా తెలివి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బయటివాళ్లనైతే ఎవరైనా పట్టేస్తారు."

దూది ధూళిలోంచి నడిచి గేటు దాటింది. వెనక్కి చూడలేదు. బల్లమీద అరచేతి తోలు మిగిలింది. ఏళ్ల తరబడి అదే చేతికి ఉండి ఉండి, ఖాళీగా ఉన్నా చేతిలాగే వంగి ఉంది.

ఆ మధ్యాహ్నం సూదమ్మ ఒక్కతే ఇంకో పరుపు మొదలుపెట్టింది. ఇటునుంచి పొడవడం, చుట్టూ తిరిగి అటువెళ్లి లాగడం, అటునుంచి పొడవడం, మళ్లీ ఇటు రావడం. మేస్త్రీ చూసి, "గానుగెద్దులా తిరుగుతున్నావేంటి? మీ వదినేది?" అన్నాడు. ముడులకని బల్ల చుట్టూ తిరగడమే తప్ప, చట్రానికి ఎదురువైపు నిలబడి కుట్టడం జీవితంలో ఇదే మొదటిసారి. అటునుంచి చూస్తే తన కుట్లే కొత్తగా ఉన్నాయి.

తనకు ఇలా ఎదురువైపు ఇంకెవరు కూర్చున్నారు?

దబ్బనం చేతిలోనే ఉండిపోయింది. పెళ్లయిన కొత్తలో షెడ్డునుంచి దిండ్లు ఇంటికి తెచ్చుకుని కుట్టేది. పొయ్యి పక్కన కొత్త పెళ్లికొడుకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. "నాకూ నేర్పవే, మొగుడికి ఒక విద్య ఉండాలిగా" అని సతాయించేవాడు. నేర్పింది. రెండు మెలికలు, మీద ఒక ఉచ్చు. తన కుడి, అతనికి ఎడమ.

అప్పుడు పొద్దుటి మాట చెవిలో మోగింది. నాకు కొత్తది రావాలంటే నెలలు పడుతుంది. ఒకటి పోయిందని మాత్రమే తను చెప్పింది. ఎవరిదో చెప్పలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అతను వచ్చి ఉన్నాడు. కూతురు గోడకు చేరగిలబడి, పక్క దేశపు భాషలో అంకెలు వల్లిస్తోంది. దాన్ని కిందికి పంపింది. ఒక దిండు మూతి విప్పి నేలమీద పెట్టింది. సూది, దారం పెట్టింది.

"ఎదురుగా కూర్చో. మూతి కుట్టాలి."

"నేనా? ఇన్నేళ్ల తర్వాతా?" నవ్వబోయాడు. "మీ వదిన లేదూ?"

"లేదు." సంచిలోంచి తోలు తీసి అతని ముందు పెట్టింది. "కట్టుకో. పాడుచెయ్యకు. రేపు వాళ్లింటికెళ్లి ఇచ్చి, కాళ్లు పట్టుకోవాలి."

అతను ఆమె మొహంలోకి చూశాడు. కట్టుకున్నాడు. కుట్టాడు. మర్చిపోయిన చెయ్యి కాదది. దగ్గరదగ్గరగా, ఒద్దికగా కుట్టింది. చివర రెండు మెలికలు, మీద ఒక ఉచ్చు. దారం కొస ఎడమవైపుకు వాలింది.

సూదమ్మ కొంగు విప్పి, పొద్దున కోసిన దారం ముక్కను దాని పక్కన పెట్టింది. రెండు ముడులూ ఒకే వైపుకు వాలి ఉన్నాయి.

అతను తోలు విప్పకుండానే మాట్లాడాడు.

"నేనే తీశాను. ఆదివారం నువ్వు మీ వదినని సాగనంపడానికి వీధి చివరిదాకా వెళ్లావు చూడు, అప్పుడు. నిన్ను ఆపుదామని కాదు. ఆపాలనుకుంటే మూడూ తీసేవాణ్ణి. నాది ఒక్కటే తీశాను. మీ తమ్ముడు ఫోన్‌లో 'బావా, నీకు మూటలెత్తే పని చూశాను, ఇక్కడ కూర్చుని చేసే పనులుండవు' అని నవ్వాడు. వాడి తప్పేం లేదు, మంచికే చూశాడు. మూటలకి భయపడలేదే నేను. ఇక్కడ లిఫ్టు తలుపు తీస్తే పెద్దపెద్దవాళ్లు కూడా 'ఏమోయ్, బాగున్నావా' అని లోపలికొస్తారు. అక్కడ నేనెవర్ని? సూదమ్మ మొగుణ్ణి, వాడి బావని. రానని చెప్పడానికి నోరు రాలేదు. వెళ్తున్నాం వెళ్తున్నామని ఊరంతా టముకు వేసింది నేనే కదా. దొంగ ఎత్తుకుపోయాడంటే ఎవరికీ చిన్నతనం ఉండదు, మీరిద్దరూ అయినా బాగుపడతారు అనుకున్నాను. మీ వదిన మీదికి పోతుందనుకోలేదు. ఆ పాపం నాదే. నాలుగు పిచ్చి కుట్లు వేసి వదిలేస్తే దొరికేవాణ్ణి కాదని నాకూ తెలుసు. కానీ దూది బయటికొచ్చి ఉండలు కట్టి రాత్రిపూట నీ కాళ్లకి ఒత్తుకుంటుందని... అందుకే సరిగ్గా కుట్టాను. ఎక్కడుందంటావా? ఎక్కడికీ పోలేదు. లిఫ్టులో నా స్టూలుకి మెత్త కుట్టిచ్చావు చూడు, దాన్ని విప్పి అందులో పెట్టి కుట్టేశాను. సోమవారం నుంచీ దానిమీదే కూర్చుని పైకీ కిందికీ తిరుగుతున్నాను."