తోమిన అర డాలరు

లూథర్ హోక్ అరవై మూడేళ్ళ జీవితంలో ఒకే ఒక్క దొంగతనం చేశాడు. అదీ అడిగినంత డబ్బిచ్చి చేశాడు. అందుకే అది దొంగతనమో కాదో ఏడు నెలలపాటు తేల్చుకోలేక చచ్చాడు.

అక్టోబరు రెండో మంగళవారం సాయంత్రం, ఫైరింజన్లుండే ఫైర్‌హాలు కింది గదిలో నాణేల క్లబ్బు సమావేశం జరుగుతోంది. పదకొండు మంది సభ్యులు, రెండు పొడుగు బల్లలు, ఒక కాఫీ కూజా, ఓ డబ్బా నిండా ఉప్పు ప్రెట్జెళ్ళు. వీళ్ళు దొరికిన నాణెమల్లా దాచుకునే రకం కాదు. దేశం ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, టంకశాలలోకి ఆవిరి యంత్రం రాకముందు, ఫిలడెల్ఫియాలో మనుషులు మర తిప్పి కొట్టిన వెండి అర డాలర్లంటే చెవి కోసుకుంటారు. అప్పట్లో ప్రతి అచ్చూ చేత్తో తయారయ్యేది. ఒక అచ్చులో నక్షత్రం కాస్త పైకి జరిగితే, ఇంకోదాంట్లో రెండు అంకె తోక వంకరపోయేది. ఏ బొమ్మ అచ్చుకి ఏ బొరుసు అచ్చు జతపడిందో కనిపెట్టి, జతకో నంబరు వేసి, దిండంత పుస్తకం తయారుచేసి పెట్టారు పెద్దలు. కొన్ని జతలు బస్తాల కొద్దీ దొరుకుతాయి. కొన్ని దేశమంతా గాలించినా వేళ్ళ మీద లెక్కపెట్టాలి. మామూలు మనిషికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఈ పదకొండు మందికి మాత్రం ఆ తేడాయే జీవితం, పెళ్ళాలు ఎంత తిట్టుకున్నా సరే.

క్లబ్బులో రెండు కట్టుబాట్లున్నాయి. నాణెం చేతులు మారితే దాని పాత కాగితం కవరు కూడా దాంతోనే పోవాలి. ఎప్పుడు ఎవరి దగ్గరుందో ఆ కవర్లే చెబుతాయి కాబట్టి పాతదాన్ని మడిచి కొత్తదాంట్లో దూరుస్తారు. రెండోది, ఎవరైనా తమ నాణెం నంబరు తప్పుగా రాసుకుంటే, అది కనిపెట్టి కొన్నవాడు నోరు విప్పక్కర్లేదు. చదువుకున్నందుకు అది వాడికి దక్కిన ఫలం. బయట దుకాణంలో అలా కొట్టుకొచ్చినవాణ్ణి నిలబెట్టి క్లబ్బంతా చప్పట్లు కొడుతుంది. తోటి సభ్యుడి డబ్బాలోంచి కొట్టేస్తే ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. ఎందుకంటే అలా కొట్టేసినవాడెవడూ ఇంతవరకూ బయటపడలేదు.

ఆ రోజు లూథర్ ఊరికే, కాఫీ చల్లారేదాకా పొద్దుపోక, మహ్లాన్ రీబర్ డబ్బాలో చెయ్యి పెట్టాడు. మహ్లాన్ అతనికి ప్రాణమిత్రుడు, వయసులో ఎనిమిదేళ్ళు పెద్ద. మేజోళ్ళ మిల్లులో ముప్పై ఏళ్ళు తనిఖీదారుగా పనిచేసి, ఒక్క పోగు జారినా పట్టుకున్న మనిషి. అలాంటివాడి డబ్బాలో తప్పులు వెతకడం దండగని లూథర్ ఏళ్ళ తరబడి దాని జోలికే పోలేదు. తీరా ఒక కవరు తీసి చూస్తే, 1827 నాటి అర డాలరు. కవరు మీద బస్తాల కొద్దీ దొరికే జత నంబరు. ధర ముప్పై ఐదు డాలర్లు. లూథర్ భూతద్దం పెట్టి చూశాడు. అద్దం తుడిచి మళ్ళీ చూశాడు. అది ఆ జత కాదు. అతను ఇరవై ఏళ్ళుగా పుస్తకంలో బొమ్మ చూసి లొట్టలు వేసిన జత.

"ఇది తీసుకుంటున్నా," అన్నాడు.

"అదా? తీసుకో తీసుకో. ముప్పై ఐదు," అన్నాడు మహ్లాన్ ప్రెట్జెల్ నములుతూ.

కవరులో పాత కవరు లేదు. మహ్లాన్ పాత కవరు పారేసే మనిషి కాదని లూథర్‌కి తట్టకపోలేదు. కానీ ఆ సమయానికి అతను డబ్బు బల్ల మీద పెట్టి, నాణెం జేబులో వేసుకుని, తేలు కుట్టిన దొంగలా తలుపు దాకా వచ్చేశాడు.

ఇంటికొచ్చి దీపం కింద మళ్ళీ చూశాడు. బూడిద, నీలం కలిసిన రంగు. ఆ రంగు కిందే సన్నటి గీతలు. ఎవడో ఎప్పుడో దీన్ని తోమాడు. నాణేలవాళ్ళ లోకంలో తోమడాన్ని మించిన పాపం లేదు.

"ఏ దౌర్భాగ్యుడి చేతులో ఇవి! విరిగిపడాలి!" అని తిట్టాడు లూథర్.

"ఎవరివి?" అంది భార్య వెర్నా కుట్టుపనిలోంచి తలెత్తకుండానే.

"ఎవడివో. గిన్నె తోమినట్టు తోమాడు వెధవ."

"ఇంట్లో గిన్నెలు తోమినవాళ్ళని ఒక్కసారైనా మెచ్చుకున్నావా నువ్వు?" అంది వెర్నా.

అసలు బాధ మర్నాడు మొదలైంది. అలాంటి నాణెం దొరికితే మొదట ఎవరికి చూపించాలి? మహ్లాన్‌కి. దాన్ని చూసి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "అబ్బో!" అనగలిగినవాడు భూమ్మీద అతనొక్కడే. ఆ "అబ్బో" వినకపోతే ఆ నాణెం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. వింటే స్నేహం పోతుంది.

ఆ స్నేహం ఎలాంటిదో క్లబ్బంతటికీ తెలుసు. లూథరే వెయ్యిసార్లు చెప్పాడు. ఇరవై రెండేళ్ళ కిందట, నీళ్ళ మీటర్లు చూసుకునే ఉద్యోగంలో ఉండగా, తాతగారి ఎనిమిది నాణేలు పట్టుకుని మొదటిసారి క్లబ్బుకి వచ్చాడు. ఏమీ తెలియక అన్నిటినీ చెంచాల్లా మెరిపించి తెచ్చాడు. అందరూ పడీపడీ నవ్వారు. నవ్వనివాడు మహ్లాన్ ఒక్కడే. పైగా జాలిపడి ఒకటి కొన్నాడు కూడా. మర్నాడే పుస్తకం, భూతద్దం పట్టుకుని ఇంటికొచ్చి, వంటగది బల్ల దగ్గర కూర్చోబెట్టి అ ఆ ల నుంచి నేర్పాడు. "ఏ సంబంధమూ లేని నాకు ఎందుకు నేర్పాలి చెప్పండి? దేవుడిలాంటి మనిషి," అని లూథర్ ఎప్పుడూ కళ్ళు తుడుచుకుంటూ ముగించేవాడు.

అలాంటి దేవుణ్ణి దోచుకున్నాడు.

పాపం కడుక్కోవడానికి లూథర్ సేవలోకి దిగాడు. డిసెంబరులో మంచు పడితే తన గుమ్మం ముందర వదిలేసి, రెండు వీధులు నడిచి మహ్లాన్ గుమ్మం ముందర ఎత్తిపోశాడు. వారం వారం వెర్నా చేత మొలాసిస్ పాకంతో కాల్చే 'పై' అనే తీపి వంటకం చేయించి పట్టుకెళ్ళాడు. మహ్లాన్ ఏ ప్రశ్నా వెయ్యకుండా అన్నీ తిన్నాడు. తిన్నాక, "ఆ మూల కొంచెం మంచు మిగిలిపోయిందోయ్," అని కిటికీలోంచి చూపించేవాడు.

తప్పు నంబరు రాశాడంటే పాపం చూపు ఆని ఉండదని లూథర్ నిర్ణయించుకున్నాడు. ఫిబ్రవరిలో బలవంతంగా కారెక్కించి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు గంటసేపు పరీక్షించి, ఇరవై ఏళ్ళ కుర్రాడికి కూడా ఇలాంటి కళ్ళుండవన్నాడు. లూథర్ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏమోయ్, నాకు కళ్ళు బాగున్నాయంటే నీకంత దిగులేమిటి?" అన్నాడు మహ్లాన్ కారులో.

"దిగులెందుకూ? సంతోషం."

"సంతోషపు మొహం ఇలా ఉంటే, నా చావుకి నువ్వు రాకు. జనం భయపడతారు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. కారు పక్కకి ఆపి మరీ నవ్వారు. ఇంటికొచ్చాక లూథర్‌కి ఇంకో అనుమానం పుట్టింది. కళ్ళు కాకపోతే మతి పోతోందేమో. ఇక మాట మాటకీ పరీక్షలు మొదలుపెట్టాడు. "ఈవేళ ఏ వారం మహ్లాన్? నీ పెళ్ళి ఏ సంవత్సరం? మిల్లులో నీ పై అధికారి పేరేమిటి?" మహ్లాన్ అన్నిటికీ జవాబు చెప్పి, ఆ అధికారి పెళ్ళాం పేరు, ఆవిడ లేచిపోయిన సేల్స్‌మన్ పేరు కూడా చెప్పాడు.

వెంట్రుకలో పదో వంతు తేడాని పట్టుకోగల లూథర్‌కి, పక్కన కూర్చున్న మనిషి మాత్రం అంతుపట్టలేదు. కళ్ళు బాగున్నాయి, మతి బాగుంది, మరి తప్పెలా వచ్చింది? అడిగితే దొరికిపోతాడు.

ఏప్రిల్ సమావేశంలో కార్యదర్శి డోర్కస్ యేకెల్ యథాప్రకారం మఖమల్ పరిచిన పళ్ళెం తిప్పింది. కొత్తగా దొరికింది ఎవరైనా సరే అందులో పెట్టాలి.

"ఏం లూథర్, ఆరు నెలలైంది ఖాళీ పళ్ళెం పంపబట్టి. మానేశావా, ముసలాడివైపోయావా?" అంది.

లూథర్ జేబులో నాణెం నిప్పుకణికలా ఉంది. అతను పళ్ళెం పక్కకి జరిపాడు. ఎదుటి బల్ల నుంచి మహ్లాన్ అతనికేసే చూస్తున్నాడు. ఆ చూపుకి అర్థం అప్పుడు తెలియలేదు.

మే మొదటి శనివారం పొద్దున్నే ఇక తట్టుకోలేకపోయాడు. మహ్లాన్ వంటగదిలో రొట్టె మీద ఆపిల్ బటర్ రాసుకుంటున్నాడు. లూథర్ కూర్చోకుండానే నాణెం తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను నిన్ను దోచుకున్నాను," అన్నాడు. "ఇది నువ్వు రాసిన నంబరు కాదు. చూడగానే తెలిసింది నాకు. నోరు మూసుకుని ముప్పై ఐదుకి పట్టుకుపోయాను. ఏడు నెలల్నుంచి నిద్ర లేదు. ఇది నీది, తీసుకో. నా మొహం చూడనంటే చూడకు, నాకా శిక్ష కావాల్సిందే. కాకపోతే చూడు, ఎంత గొప్ప అచ్చో! ఏ దౌర్భాగ్యుడో తోమి నాశనం చేశాడు గానీ..."

మహ్లాన్ రొట్టె ముక్క నింపాదిగా నమిలి మింగాడు. లేచి వెళ్ళి, చనిపోయిన భార్య వంటల కాగితాలు దాచుకునే రేకు పెట్టె తెచ్చాడు. అందులోంచి పచ్చబడిపోయిన చిన్న కవరు తీసి లూథర్ ముందు పెట్టాడు.

ఆకుపచ్చ సిరా. లావుపాటి అక్షరాలు. "1827. తాతగారిది. వంటసోడాతో బాగా తోమాను. అద్దంలా ఉంది! లూథర్ హోక్."

లూథర్ అది రెండుసార్లు చదివాడు. మొదట చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ.

"ఇది... నాదా?"

"నీదే. నువ్వు మొదటి రోజు తెచ్చిన ఎనిమిదిలో ఒకటి. అంత తోమినా అచ్చు దాగదుగా. గదికి అటు చివర్నుంచే గుర్తుపట్టాను. నోరు మూసుకుని ముప్పై ఐదుకి పట్టుకుపోయాను."

"దొంగా!" అన్నాడు లూథర్. క్షమాపణ అడగడానికి వచ్చిన సంగతే మర్చిపోయాడు. "ఇరవై రెండేళ్ళు! మా తాత నాణెం! ఏమీ తెలియనివాణ్ణి చేసి..."

"అరవకు. అందుకేగా తిరిగిచ్చేశాను. ఆరేళ్ళుగా తప్పు నంబరు వేసి ఆ డబ్బాలో పెడుతున్నాను. నువ్వు నా డబ్బా మొహం చూస్తేగా! డోర్కస్ రెండుసార్లు తీసింది దాన్ని. 'తోమిందమ్మా, నీకొద్దు' అని చేతిలోంచి లాక్కునేసరికి నా పని అయిపోయింది."

"చేతికే ఇవ్వచ్చుగా!"

"ఇస్తే చెప్పాలి. చెప్తే నువ్వు మళ్ళీ ఈ గుమ్మం ఎక్కుతావా?"

లూథర్ కుర్చీలో కూలబడ్డాడు. ఏడు నెలలుగా తను అనుకున్న మాటే అది. కానీ ఇంకో ముల్లు గుచ్చుకుంది. అది నాణెం కంటే పెద్దది.

"అయితే ఆ మర్నాడు పుస్తకం పట్టుకుని రావడం? భూతద్దం? బాల్టిమోరు ప్రదర్శనకి కారులో తీసుకెళ్ళడం? నేర్పించిందంతా... నామీద ఇష్టంతో కాదా? ఇందుకా?"

మహ్లాన్ తల దించుకున్నాడు. లూథర్ ఆ మనిషి తల దించుకోవడం చూడటం అదే మొదటిసారి.

"మొదటి రెండేళ్ళూ ఇందుకే," అన్నాడు. "రోజూ లెక్కేసుకునేవాణ్ణి, ఇంకెంత నేర్పితే తీరుతుందా అని. తర్వాత ఎప్పుడో లెక్క మర్చిపోయాను. నువ్వొస్తావని కాఫీ ఎక్కువ కాచడం అలవాటైపోయింది. ఆ నాణెం ఎవరికీ చూపించలేక నేను పడ్డ బాధ నీకిప్పుడు చెప్పక్కర్లేదు. నువ్వు ఏడు నెలలు కూడా ఓర్చుకోలేకపోయావు."

లూథర్‌కి ఫిబ్రవరిలో పక్కకి ఆపిన కారు గుర్తొచ్చింది. ఆ నవ్వులో జేబులో నాణెమున్న సంగతి తనకీ గుర్తు లేదు. కోపం ఇంకా ఉంది గానీ, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నీకు నెలల్నుంచీ తెలుసు, నేనెందుకు మంచు ఎత్తుతున్నానో," అన్నాడు చివరికి.

"అక్టోబర్లో తలుపు దగ్గర నీ నడక చూసినప్పుడే తెలుసు. ఇంకో వారం ఆగితే చూరు కాలవలు కూడా శుభ్రం చేసిపెడతావనుకున్నాను."

"చస్తే చెయ్యను."

"సరే. భూతద్దం ఇటియ్యి," అన్నాడు మహ్లాన్. నాణెం కిటికీ వెలుగులోకి పట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు. "అబ్బో!"

ఆ తర్వాతి మంగళవారమే సమావేశం. డోర్కస్ పళ్ళెం తిప్పింది. లూథర్ నాణెం అందులో పెట్టాడు. పళ్ళెం బల్ల చుట్టూ తిరుగుతుంటే ఒక్కొక్కరూ భూతద్దాలు తీశారు. పాత కవరు మాత్రం లూథర్ చొక్కా జేబులో భద్రంగా ఉంది. కట్టుబాటు తప్పడం అతనికి అదే మొదటిసారి.

"పాత కవరు లేదేం? ఎవరి దగ్గర కొట్టావు?" అంది డోర్కస్, కళ్ళల్లో అసూయ దాచుకోకుండా.

"ఎవడో తోమిన వెధవ దగ్గర్నుంచి వచ్చిందిలే," అన్నాడు మహ్లాన్ అటునుంచి. "పాపం, వాడికి ఏమీ తెలియదు."

"వాడి దగ్గర కొన్నవాడు మాత్రం పెద్ద దొంగ," అన్నాడు లూథర్.

ఆనవాయితీ ప్రకారం డోర్కస్, "కొట్టుకొచ్చినవాడు లేవాలి!" అని కేక వేసింది. క్లబ్బంతా చప్పట్లు కొట్టింది.

ఇద్దరూ లేచి నిలబడ్డారు.