ఉత్తరం దగ్గర ఆగిపోయిన సర్దారు

సర్దారు పందొమ్మిది రోజులుగా కలం పట్టుకుని కూర్చున్నాడు. లింబాద్రి మీట నొక్కితే తప్ప ఆయన రాయడు, లింబాద్రేమో నొక్కడు.

"ఏదో ఒకటి నొక్కప్పా. ఆ మనిషి ఎంతసేపని కూచుంటాడు?" అన్నాడు ఉమర్.

ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా బయట పని చేయించకూడదని ఒమాన్‌లో రూలు. అందుకని కంపెనీ బస్సు అల్ అమెరాత్ సైట్ నుంచి మనుషుల్ని క్యాంపుకు తెచ్చి దింపుతుంది. ఆ మూడు గంటలూ అందరూ ఇంత తిని ఒళ్లు తెలియకుండా పడుకుంటారు. లింబాద్రి మాత్రం మంచం మీద బోర్లా పడుకుని, రెండు చేతుల్లో ఇమిడే ఆట మిషన్ ముందు పెట్టుకుంటాడు. దాన్ని అతనికి అంటగట్టింది ఉమరే. ఉమర్‌ది కడప, కంపెనీ బస్సు డ్రైవరు. తను ఆడేసిన ఆటను ఇంకొకరు ఆడుతుంటే పక్కన చేరి సలహాలు ఇవ్వకపోతే ఆయనకు తిన్నది అరగదు.

ఆట సంగతి చెప్పాలి. 'నల్లకోట' అని ముందొక ఆట వచ్చింది. అందులో పల్లెటూరి పిల్లవాడొకడు కోట కాపలాకు వస్తాడు. వచ్చేసరికి, తనను చేరదీస్తాడనుకున్న సర్దారు సమాధిలో ఉంటాడు. జనం ఎగబడి ఆడారు. తీసినవాళ్లు ఊరుకుంటారా? సర్దారు బతికున్నప్పటి కథను చిన్న మిషన్‌లో ఆడుకునేలా మరో ఆటగా తీశారు. కత్తి తిప్పడాలు, గుహల్లో దూరడాలు, గెలిచిన కొద్దీ బలం పెరగడాలు, అన్నీ ఉన్నాయి. కానీ ఎంత బాగా ఆడినా ఆఖరికి సర్దారు చస్తాడని, మొదటి గుహలో అడుగు పెట్టకముందే ఆడేవాళ్లందరికీ తెలుసు. ఆ ఆఖరి యుద్ధానికి ముందు ఆయన పల్లెలో ఉన్న పిల్లవాడికి ఉత్తరం రాస్తాడు. 'రా' అని రాయాలా, 'రాకు' అని రాయాలా అన్నది మాత్రం మనల్నే అడుగుతుంది ఆట.

దీని మీద గల్ఫు తెలుగువాళ్ల ఆటల గ్రూపులో నెల రోజులుగా గోల. అందరూ పనుల్లో ఉండేవాళ్లే కనుక ఎవరూ టైపు చెయ్యరు, గొంతు రికార్డు చేసి పంపిస్తారు. సలాలాలో స్టోర్ కీపర్‌గా ఉన్న గురవయ్యకు ఒళ్లు మండిపోయింది. "ఫైటింగ్ అదిరిపోయిందండీ, కాదన్ను. కానీ ఉత్తరంలో ఏది రాసినా ఆ కుర్రాడు వచ్చేస్తాడు. అలాంటప్పుడు నన్ను అడగడం దేనికి, వెటకారమా? అయిదు స్టార్లకి ఒక్క స్టారు ఇస్తున్నాను, అదీ ఫైటింగ్ మొహం చూసి," అన్నాడు. సోహార్ నుంచి ఒక ఎలక్ట్రీషియన్, అసలు గుహలన్నీ ఒకే గుహలా ఉన్నాయనీ, బస్సులో కూర్చున్న కాసేపు ఆడుకోవడానికి మాత్రం పనికొస్తుందనీ తేల్చేశాడు. ఉమర్ అయిదుకు అయిదిచ్చాడు. తెలిసి తెలిసి ముందుకు పోయేవాడే మగాడు అన్నది ఆయన వాదన. ముప్ఫై మంది ముప్ఫై మాటలన్నారు గానీ, పిల్లవాడు వచ్చి తీరతాడన్న దగ్గర ఎవరికీ పేచీ లేదు.

లింబాద్రి అందరి మాటలూ విన్నాడు. అవన్నీ తన గురించే అంటున్నట్టు అతనికి అనిపించేది.

ఎందుకంటే నిజామాబాద్ జిల్లాలో అతని బామ్మర్ది లచ్చన్న ఒక్క మాట కోసం ఎదురు చూస్తున్నాడు. ఆ దిక్కు ఒక పద్ధతుంది. ఏజెంటు నోట్లో నుంచి తేనె కారినా సరే, ఆ కంపెనీలో ఉన్న సొంత మనిషి మాట రాందే పాస్‌పోర్టు అతని చేతికివ్వరు. ఆ మాట వచ్చే రోజు ఇల్లంతా ఫోన్ చుట్టూ కూర్చుంటుంది. లచ్చన్నకు వీసా చూపిస్తున్నది లింబాద్రి ఉన్న కంపెనీయే. ఈ సంగతి అసలు కదిలించింది ఇక్కడి ఫోర్‌మన్.

"మీ ఊరి మనిషిని నీ బదులు తీసుకురా. వాడు సైట్ మీద కాలు పెట్టిన రోజే నీ పాస్‌పోర్టు నీ చేతిలో పెడతా," అన్నాడు ఆయన.

పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో ఉంది. రెండేళ్లకు వస్తానని చెప్పి వచ్చి మూడేళ్లయింది. లీవ్ అడిగినప్పుడల్లా ఈ స్లాబు కానీ, ఆ స్లాబు కానీ అంటారు. భార్య సంధ్య నాలుగో నెలలో ఉన్నప్పుడు బయలుదేరాడు. ఇప్పుడు కూతురు నవీన ఫోన్‌లో కనిపించే ప్రతి మీసాన్నీ నాన్నా అని పిలుస్తోంది. లచ్చన్న సెంట్రింగ్ పనివాడే, ఇక్కడ కావలసిందీ అదే పని. లింబాద్రి 'రా' అంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది. అనాలనే ఉంది అతనికి. అందులో దాపరికం ఏమీ లేదు.

కానీ మూడేళ్ల కిందట తనకొచ్చిన మాట కూడా అతనికి గుర్తుంది. పంపినవాడు గణపతి, సొంత ఊరివాడు, ఇప్పుడు పై మంచం మీద గురక పెడుతున్నవాడు. "రాకు తమ్మీ, ఈ కంపెనీల ఇరుక్కుంటవ్," అన్నాడు అప్పట్లో. లింబాద్రి ఆ మాట సంధ్యకు వినిపించి పకపకా నవ్వాడు. "చూడు, కండ్లల్ల నిప్పులు పోసుకుంటుండు. తనొక్కడే బాగుపడాల్నట," అని మర్నాడే పాస్‌పోర్టు ఏజెంటుకు ఇచ్చి వచ్చాడు. 'రా' అంటే నమ్మే జనం 'రాకు' అంటే నమ్మరు. ఆ జనంలో లింబాద్రి కూడా ఉన్నాడు మరి.

"గణపతన్నా," అని పిలిచాడు ఆ మధ్యాహ్నం. గురక ఆగింది. "అప్పుడు నువ్వు ఇంకేం జెప్తే నేను రాకపోతుంటి?"

పై మంచం కిర్రుమంది. గణపతి తల బయటపెట్టాడు. "ఏం జెప్పినా వస్తుంటివి. నాకు జెప్పినోనికి కూడ నేను గట్లనే జేసిన. పండుకో ఇగ," అని మళ్లీ అటు తిరిగాడు.

ఆ రోజే గ్రూపులో షీబా గొంతు వచ్చింది. నిజ్వాలో నర్సు ఆవిడ, మాట తక్కువ. "నేను రెండుసార్లు ఆడినాను. ఒకసారి 'రా' అని, ఒకసారి 'రాకు' అని రాయించినా. పిల్లోడు రెండుసార్లూ వచ్చినాడు, నిజమే. అయితే ఆఖర్న సమాధి కాడ వాడు మాట్లాడేది మీరెవురూ సరిగ్గా ఇన్లేదు. 'రా' అని రాస్తే, నన్నెందుకు పిలిస్తివని తిడతాడు. 'రాకు' అని రాస్తే తిట్టడు. అంతే తేడా. నాకది చాలు, నాలుగు స్టార్లు."

లింబాద్రి దాన్ని మూడుసార్లు విన్నాడు. తర్వాత మిషన్ చేతిలోకి తీసుకుని, పందొమ్మిది రోజుల తర్వాత 'రాకు' మీద నొక్కాడు. సర్దారు తల వంచుకుని రాశాడు, మడిచాడు, కోట తలుపు దగ్గరికి నడిచి కత్తి దూశాడు. అక్కడ ఆపేసి లింబాద్రి ఫోన్ తీశాడు.

"లచ్చన్నా, బావను మాట్లాడుతున్న. నువ్వొస్తే నన్ను ఇంటికి పంపుతరు. గందుకే నిన్ను రమ్మంటుండ్రు, ఇంకేం లేదు. నేను పోవాల్నంటే నువ్వు రావాలె. అయినా చెప్తున్న, రాకు. వచ్చుడు మన చేతుల ఉన్నది, పోవుడు లేదు. నామీద ఒట్టు, రాకు."

చెప్పి పంపాక ఒక్కసారిగా గుండె తేలికైంది. ఇంత నిజం, అదీ తన నష్టం తనే చెప్పుకుని, ఎవరూ పంపి ఉండరని అనుకున్నాడు. లచ్చన్న నమ్మక చస్తాడా అనుకున్నాడు పాపం.

పది నిమిషాల్లో వీడియో కాల్ వచ్చింది. లచ్చన్నా, అతని వెనక లింబాద్రి అత్త శాంతవ్వా కనిపించారు. లింబాద్రి పడుకున్నవాడు పడుకున్నట్టే ఫోన్ ఎత్తాడు. అక్కడే తప్పు చేశాడు. అటువాళ్లకు కనిపించింది వెనక గోడకు నడుస్తున్న ఏసీ, ఒంటి మీద దుప్పటి, మెడ పక్కన మెరుస్తున్న ఆట మిషన్. పొద్దున అయిదింటి నుంచి సైట్ మీద మోసిన చెక్కలు ఆ ఫోన్‌లో ఎక్కడ కనిపిస్తాయి?

"ఓ బావా," అన్నాడు లచ్చన్న కళ్లు పెద్దవి చేసి, "పట్టపగలు ఏసీల పండుకోని ఆట ఆడుకుంటున్నవా? నేనీడ ఎండల గుంజలు పాతుతున్న!"

"అరే, ఇది మధ్యాహ్నం ఛుట్టీరా. మూడున్నరకు మళ్ల పోవాలె."

"మధ్యాహ్నం పూట పండుకోబెడ్తరా? మా మేస్త్రి అయితే చాయ్ తాగుతుంటెనే తిడ్తడు."

శాంతవ్వ ముందుకు జరిగింది. ఆమె గొంతులో కోపం లేదు, నొప్పి ఉంది. "అల్లుడా, నీకు మేమేం తక్కువ జేసినం? నా కొడుకు ఇంత బాగుపడితె నీకు కండ్లు మండుతున్నయా?"

లింబాద్రి దుప్పటి పక్కకు తోసేశాడు. ఇదే మాట తను అన్నవాడే. పై మంచం మీద గణపతి గురక ఆపి వింటున్నాడని అతనికి తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడు లచ్చన్న పాస్‌పోర్టు ఏజెంటు దగ్గరికి చేరింది.

ఆగస్టు రెండో వారంలో, ఉమర్ బస్సులోనే, లచ్చన్న దిగాడు. కొత్త చొక్కా, కొత్త బూట్లు, అక్క పంపిన పచ్చడి సీసా. లింబాద్రి అతని సంచి అందుకున్నాడు. తన కింది మంచం అతనికిచ్చి, ఆ రాత్రికి నేల మీద పడుకున్నాడు. తెల్లవారి లచ్చన్న డ్యూటీకి వెళ్లాడు, ఫోర్‌మన్ మాట మీద నిలబడి లింబాద్రి చేతిలో పాస్‌పోర్టు పెట్టాడు. సాయంత్రం విమానం. మధ్యాహ్నం మనుషుల్ని దింపాక సీబ్ వైపు వెళ్లే పని ఉంది, ఎయిర్‌పోర్టులో దింపుతానన్నాడు ఉమర్.

పన్నెండు నలభైకి లచ్చన్న రూమ్‌లోకి వచ్చాడు. వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కొత్త బూట్లు విప్పుకోవడానికి వేళ్లు వంగడం లేదు. అరచేతుల్లో పొక్కులు లేచి చితికిపోయాయి. మొహం మీద ఉప్పు తెల్లగా కట్టింది. లింబాద్రి కింద కూర్చుని బూట్ల తాళ్లు తనే విప్పాడు.

"నువ్వు చెప్పినవ్ బావా," అన్నాడు లచ్చన్న.

తిడతాడేమో అనుకున్నాడు లింబాద్రి. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. షీబా చాలనుకున్న తేడా అతనికి ఏ మూలకూ రాలేదు.

అంతలో ఫోన్ మోగింది, శాంతవ్వ. లచ్చన్న మొహం తువ్వాలుతో గబగబా తుడుచుకుని, అరచేతులు ఒళ్లో దాచుకుని, ఫోన్ తలగడకు ఆనించాడు. ఏసీ కనిపించేలా దాన్ని సర్దాడు కూడా. ఎవరూ నేర్పలేదు.

"మంచిగున్నదవ్వా. పండుకోబోతున్న. చూడు, ఏసీ."

"చెప్పలె నేను?" శాంతవ్వ గొంతు పొంగిపోయింది. "బావేడి? ఏం అల్లుడా, ఊకెనే బెదిరిస్తివి గదా పోరన్ని! ఇప్పుడన్న చెప్పు, మంచిగున్నదా లేదా?"

లచ్చన్న ఫోన్ వైపు చూడలేదు. బావ వైపు చూశాడు.

"మంచిగనే ఉన్నదత్తమ్మా," అన్నాడు లింబాద్రి.

బయట ఉమర్ హారన్ కొట్టాడు. గణపతి పై మంచం నుంచి చెయ్యి కిందికి జారవిడిచాడు, లింబాద్రి దాన్ని ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలాడు. రేపు ఈపాటికి నవీన తన ఒళ్లో ఉంటుంది. అది తలుచుకుంటే లోపల సంతోషం ఆగడం లేదు, ఆగనందుకు మొహం ఎత్తుకోలేకపోతున్నాడు. సంచి భుజాన వేసుకుని, ఆట మిషన్ తీసి లచ్చన్న పక్కన పెట్టాడు.

"ఇది ఉంచుకో. మొత్తం అయింది, ఆఖరి కొట్లాట ఒక్కటే మిగిలింది."

లచ్చన్న పొక్కుల చేతుల్తోనే దాన్ని ఎత్తాడు. తెర వెలిగింది. కోట తలుపు ముందు సర్దారు కత్తి దూసి, ఆపినచోటే నిలబడి ఉన్నాడు. లచ్చన్న మొహంలో పొద్దుటి నుంచి మొదటిసారి కాస్త వెలుగు వచ్చింది.

"ఇందుల గెలుస్తమా బావా?"

ఉమర్ మళ్లీ హారన్ కొట్టాడు.

"ఆడు," అన్నాడు లింబాద్రి, పాస్‌పోర్టు ఉన్న జేబు మీద చెయ్యి పెట్టుకుని గడప దాటాడు.