లీబర్డ్ వారి ఇంటి గాలి

ఆట ఉన్న ఆదివారాల్లో మధ్యాహ్నం రెండింటికల్లా ఎర్మినియా లీబర్డ్ ఆటస్థలం గేటు పక్కన పొయ్యి వెలిగిస్తుంది. ఇంటి దగ్గరే కలిపి తెచ్చిన పిండిని అరచేతిలో పల్చగా వత్తి, మధ్యలో రెండు గాట్లు పెట్టి నూనెలో వదులుతుంది. ఆ గాట్లు లేకపోతే యానికేకే అనే ఆ రొట్టె పూరీలా పొంగి మెత్తబడుతుంది. అప్పడంలా విరిగితేనే ఈ సాన్ పెద్రో ఊళ్ళో కొంటారు. పిండిలో పోసే నీళ్ళు సముద్రమంత ఉప్పగా ఉండాలని వాళ్ళ నాన్న అనేవాడు. అది తప్పని ఆమెకి నలభై ఏళ్ళ క్రితమే తెలిసింది. అయినా అలాగే పోస్తుంది.

నూనె కాగేలోగా ఆమెకి ఇంకో పని ఉంటుంది. గాలిని గోతాంలో కట్టాలి.

ఆ నాన్న, ఇజికియల్, చెరుకు కొట్టడానికి నీవిస్ దీవి నుంచి పడవెక్కి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నవి మూడే: ఒక కత్తి, ఒక ప్రార్థనల పుస్తకం, ఒక చిరుగాలి. నీవిస్‌లో వాళ్ళ పెరటి వెనక తిరుగుతుండేదట. ఒంటరిగా వదిలి రావడానికి మనసొప్పక పిండిగోతాంలో పట్టుకొచ్చాడు. రేవులో గుమస్తా గోతాం విప్పించి, లోపలికి తొంగిచూసి, చెమటారిన ముఖంతో "సరే, పో" అన్నాడట. ఆ రోజుల్లో గుమస్తాలకి కాస్త మర్యాద ఉండేది. చక్కెర మిల్లు వాళ్ళిచ్చిన రేకుల గదిలో ఆ గాలి బట్టలారేసేది, కాఫీ చల్లార్చేది, ఉయ్యాల ఊపేది.

ఆ ఉయ్యాల్లో ఊగినవాడే ఎర్మినియా కొడుకు ఎవారిస్తో. చీపురుకర్రతో సీసామూతల్ని కొట్టే ఆట ఆడే వయసులోనే వాడు విసిరిన మూత గోడ దాకా వెళ్ళి, ఏదో మర్చిపోయినదానిలా పక్కకి తిరిగేది. "అది మీ ఇంటి గాలిరా," అనేవాళ్ళు తోటి పిల్లలు. పెద్దవాడై బేస్‌బాల్‌లో దిగి, లీగులో ఎండ్రకాయల జట్టుకి బంతి విసిరేవాడయ్యాక కూడా ఊరి మాట మారలేదు. గెలిస్తే గాలి, ఓడితే ఎవారిస్తో. పదిహేడేళ్ళు ఇదే పాట.

చివరికి తక్కిన జట్లు గోల పెడితే ఈ ఏడాది లీగు ఒక నియమం పెట్టింది. అతను విసిరే రోజున గాలిని గోతాంలో కట్టి అంపైరుకి చూపించాలి. ముడి విప్పినట్టు తేలి, అవతలి జట్టు ఫిర్యాదు చేస్తే, ఆట పోయినట్టే. నియమం వచ్చాక ఎవారిస్తో నాలుగు ఆటలాడి మూడు ఓడాడు.

"ఇవాళ కూడా పోతే రేపు జట్టు చొక్కా ఇచ్చెయ్యమన్నారమ్మా," అన్నాడు అయిదో ఆట ఉన్న ఆదివారం, భుజానికి తైలం రాయించుకుంటూ.

"ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఎప్పుడో ఒకప్పుడు ఇవ్వాల్సిందే కదరా."

"ఇస్తాలే. ఒక్కటి తెలిస్తే చాలు. ఇన్నేళ్ళూ విసిరింది నేనా, అదా?"

ఎర్మినియా తైలం సీసాకి మూత బిగించింది. ఆమెకీ తెలియదు మరి.

అతను లోపలికి వెళ్ళాక అంపైరు ఫాబ్రీసియో, ఆ రోజు ప్రత్యర్థులైన రాజధాని జట్టు శిక్షకుడు తొరీబియో గోతాం చూడడానికి వచ్చారు.

"ఇంకో ముడి వెయ్యమ్మా," అన్నాడు తొరీబియో.

"రెండు వేశాను. మూడోది నీ నోటికి వెయ్యనా?"

అంపైరు గోతాం నొక్కి చూశాడు. "ఉంది. కదులుతోంది."

"పొట్ట నొక్కితే నువ్వు మాత్రం కదలవూ?"

తొరీబియో నవ్వి ఒక యానికేకే తీసుకున్నాడు. "గాలి లేకపోతే మీవాడి చేతిలో ఏముందమ్మా, ఎముక తప్ప."

"ఆ ఎముకే నీ గొంతులో పడకుండా చూసుకో."

నోటితో అలా అంది గాని, ఆట సాగేకొద్దీ ఆమె యానికేకేలు మాడ్చడం మొదలుపెట్టింది. చివరి వంతు వచ్చేసరికి ఎండ్రకాయలది ఒక్క పరుగు ఆధిక్యం. రాజధాని వాళ్ళకి ఇంకొక్కడు అవుటైతే ఆట ముగుస్తుంది. కాని వాళ్ళవాళ్ళు ఇద్దరు పరుగుకి సిద్ధంగా నిలబడి ఉన్నారు, బ్యాటు పట్టినవాడు తలుపంత మనిషి. అతను కొట్టిన రెండు బంతులు గీతకి జానెడు అవతల పడ్డాయి. మూడోది బ్యాటుకి తగలకపోతే అతను అవుటే; తగిలి ఇవతల పడితే రేపటికి కొడుకు ఒంటి మీద చొక్కా ఉండదు.

ఎర్మినియా గేటు ఊచల్లోంచి చూసింది. ఎవారిస్తో భుజం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె చేతులు గోతాం మీదికి పోయాయి. రెండు ముడులూ విప్పింది.

"పో," అంది మెల్లగా. "వాడు నీవాడు కాడూ? పో."

గాలి రాలేదు. గోతాం దులిపింది. కాస్త పిండి రాలింది. గాలి మాత్రం అలిగిన పిల్లిలా అడుగుమూలకి ముడుచుకుంది.

అంతలో ఎవారిస్తో విసిరాడు. బంతి తిన్నగా మోకాళ్ళ ఎత్తున వచ్చి, బ్యాటు కదిలే సమయానికి పక్కవీధిలో పనున్నట్టు తిరిగిపోయింది. బ్యాటు ఉత్తినే ఊగింది. ఆట ముగిసింది.

జనం అరుపులు సద్దుమణగకముందే అంపైరు, తొరీబియో గోతాం దగ్గరికి వచ్చారు. వెనకే ఎవారిస్తో వచ్చాడు. ముడులు విప్పి ఉన్నాయి.

"నేనే విప్పాను," అంది ఎర్మినియా. "తప్పు నాది. అది మాత్రం బయటికి రాలేదు."

ఫాబ్రీసియో గోతాంలో చెయ్యి పెట్టి చూశాడు. "లోపలే ఉంది. కాని వెళ్ళి మళ్ళీ వచ్చిందేమో, నాకెలా తెలుస్తుంది? తొరీబియో, చెప్పాల్సింది నువ్వు. ఫిర్యాదు చేస్తావా?"

తొరీబియో పొయ్యి వైపు చూశాడు.

"చివరి వంతులో నేను బంతుల కంటే ఈవిడ పొయ్యి పొగని ఎక్కువ చూశాను," అన్నాడు. "గాలిని పట్టుకుందామని. పొగ గుంజ పాతినట్టు నిట్టనిలువుగా లేచింది. బంతి మాత్రం తిరిగింది." టోపీ తీసి ఎవారిస్తో వైపు తిరిగాడు. "మమ్మల్ని ఓడించింది నీ చెయ్యేనయ్యా. నేను ఫిర్యాదు చెయ్యను."

అంపైరు గెలుపు రాసుకుని వెళ్ళిపోయాడు. తల్లీకొడుకులు మిగిలారు.

"ముడెందుకు విప్పావమ్మా?"

"నీ మీద నమ్మకం చాల్లేదురా."

"దానికి చాలిందిగా," అన్నాడు ఎవారిస్తో, గోతాం వైపు చూసి. అతని ముఖంలో కోపం లేదు.

ఎర్మినియాకి అప్పుడు తట్టింది. తన తండ్రి ఇజికియల్ మంచాన పడ్డ మూడేళ్ళూ ఆ గాలి రాత్రీపగలూ ఆయన మంచం విడిచి ఎక్కడికీ కదల్లేదు. ఎవారిస్తో అందరికంటే ఎక్కువ ఆటలు గెలిచింది ఆ మూడేళ్ళలోనే. ఊళ్ళో ఒక్కరూ ఈ రెండూ కలిపి చూడలేదు. కన్నతల్లి తనే చూడలేదు.

జనం గేటు దాటి వస్తూ బాణలి చుట్టూ మూగారు. చేపల మార్కెట్లో అమ్మే ఒకావిడ ఎప్పటిలా ఎగతాళిగా, "ఏమ్మా, ఇవాళ కూడా గాలేనా?" అంది.

"అది పడుకుంది," అంది ఎర్మినియా, పిండి వత్తుతూనే. "విసిరింది మావాడు. ఇవాళే కాదు, ఇన్నేళ్ళూ వాడే."