రూఫస్ నంబరు

"రింగిచ్చి కట్ చేసెయ్, నువ్వెక్కడున్నావో నాకు తెలిసిపోతాది. ఎత్తి మాటాడక్కర్లేదు" అన్నాడు రూఫస్, నాకు సెల్‌ఫోన్ కొనిచ్చిన రోజున. పెళ్ళామంటే ఎంత ప్రేమో అనుకున్నారు అందరూ. నేనూ అనుకున్నాను. ఆయన మిస్డ్ కాల్ ఇస్తే నేను వెంటనే తిరిగి ఇవ్వాలి. కంపెనీలో ఉంటే ఒక రింగు, బస్సెక్కితే రెండు, ఇంట్లో ఉంటే మూడు. గంజి వారుస్తున్నా, అంట్లు తోముతున్నా తడిచేత్తోనే ఇవ్వాలి. అచ్యుతాపురంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని నాది. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. టీ టైములో లాకర్ తీసేసరికి తెరమీద వరసగా ఆయన పేరే ఉండేది. ఆ సాయంత్రం ఇంటికెళ్తే "ఎవడితో ఉన్నావు?" అనేవాడు. అరిచేవాడు కాదు, నెమ్మదిగా అడిగేవాడు. టీకి బయటికొచ్చినప్పుడు లాకర్లో మోత వినబడితే మా సూపర్‌వైజరు త్రినాధరావు "అక్సా, మీ ఆయన సైరనేసేడు, ఎల్లు" అని నవ్వేవాడు. అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఏడుపొచ్చేలా ఉండేది మరి.

పోయిన ఏడాది లారీ గుద్ది రూఫస్ పోయాడు. సమాధి దగ్గర ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. ఇంటికొచ్చి నడుం వాలిస్తే ఒళ్ళంతా తేలికైపోయినట్టు అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసి మళ్ళీ ఏడ్చాను. జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడు కంపెనీ బస్సులో ఉండగా ఫోన్ మోగింది. తెరమీద రూఫస్. ఒక్క రింగు, కట్. ఆయన ఫోన్ మా అత్త దాచుకుందని కాసేపటికి గానీ గుర్తు రాలేదు. అప్పటికే వేలు దానంతటదే నొక్కేసింది, రెండు రింగులు ఇచ్చేశాను. అంతే, ఇక ఆగలేదు. పొద్దున, మధ్యాహ్నం, బస్సెక్కే వేళకి. ఇంటికెళ్తే ఆమె ఆ ఊసెత్తదు, నేనూ ఎత్తను. పొద్దుటి అంట్లు మాత్రం నా కోసం అలాగే ఉంటాయి.

ఈ చలికాలం కంపెనీ వాళ్ళు ప్యాకింగ్ ఆడవాళ్ళకి పాపికొండల టూరు పెట్టారు. మొగుడు పోయిన దానికి షికార్లేటి అంటుంది అత్త. అడగడం అనవసరం. ఆడిటింగ్ ఉంది, రెండు రోజులు కంపెనీలోనే ఉండాలని చెప్పి వచ్చేశాను. తెలిస్తే ఉద్యోగం మానిపించేస్తారు. మరిది శాంతికుమార్ ఆ మాట ఎప్పట్నుంచో అంటున్నాడు. నాదంటూ ఉన్నది ఆ ఉద్యోగం ఒక్కటే.

నేషనల్ పార్కులో గైడు వెనకాలే నడిచాం. రెండు పక్కలా వెదుళ్ళు, కింద లోయ నిండా మంచు, ఆ మంచు విడినప్పుడల్లా ఎక్కడో దూరాన గోదావరి. అడవిలో సిగ్నల్ లేదు. అయినా నా సంచిలో ఫోన్ మోగింది. తీసి చూస్తే ఏమీ లేదు. వాగు దాటుతుంటే మళ్ళీ మోగింది. నా పక్క టేబుల్లో పనిచేసే కుమారి ముందు నడుస్తోంది.

"నీకినబడిందేటే?" అన్నాను.

"ఏటి?"

"ఫోను."

"ఇక్కడ ఫోనేటే, నీకేటైనా పిచ్చెక్కిందా? ఆ కొండలు సూడు."

చూశాను. కొండ వెనక కొండ, దాని వెనక ఇంకా నీలంగా మరో కొండ. ఇంత అందం నా జన్మలో చూడలేదు. అయినా చూస్తున్నది నేను కాదు, నన్నే ఎవరో చూస్తున్నారు అనిపించింది. వీపు మీద ఆ చూపు తెలుస్తోంది. ఎవడితో ఉన్నావు? నెమ్మదిగా, చెవి పక్కనే. గిరుక్కున తిరిగాను. వెదుళ్ళు తప్ప ఎవరూ లేరు.

పైన బండ మీదికెక్కితే సిగ్నల్ వస్తుందన్నాడు గైడు. ఇళ్ళకి ఫోన్లు చేసుకోవాలని అందరూ ఎక్కారు. నేనూ ఎక్కాను. ఒక్క రింగిస్తే కంపెనీలో ఉన్నట్టే, ఇంట్లో గొడవుండదు. ఎక్కీ ఎక్కగానే చేతిలో ఫోన్ మోగింది, ఈసారి నిజంగా. రూఫస్. ఒక రింగుతో కట్ అవలేదు. మోగుతూనే ఉంది, ఆ పేరు వెలుగుతూనే ఉంది. ఎత్తాను. ఆ నంబరు నుంచి వచ్చిన ఫోన్ ఎత్తడం నాకదే మొదటిసారి.

"ఎక్కడున్నావే?" అత్త గొంతు. "పొద్దున్నించి రింగిత్తన్నాను, పలకవు. శాంతి కంపెనీ గేటుకాడికెళ్ళేడు. నువ్వు లేవంట."

ఇంకో అబద్ధం నోటికి రాలేదు. అసలు వెతకబుద్ధి కూడా కాలేదు.

"పాపికొండల్లో ఉన్నాను అత్తమ్మా. కొండలు చూడ్డానికొచ్చేను."

ఆమె తిట్లు అందుకోకముందే నేనే అడిగేశాను.

"ఆయన పోయేడు గదా. ఆ నంబర్నించి ఎందుకు చేత్తన్నారు?"

"నాను సేసినప్పుడు నీ ఫోన్లో ఆడి పేరు పడతాది గదే" అంది. "ఇంకెక్కడా పడదు."

మనసు కలుక్కుమంది. కన్నతల్లి, ఎక్కడో ఒకచోట కొడుకు పేరు వెలగాలనుకుంటుంది. కాదనను. కానీ అందుకు నా సంచే దొరికిందా?

"ఆ పేరు పడినప్పుడల్లా నాకు భయమేత్తాది అత్తమ్మా. ఆయన బతికున్నప్పుడూ అంతే. మీకు తెలీదా?"



"తెల్సు" అంది.

అంతే అంది. ఆ ఒక్క మాట ఇన్నేళ్ళూ ఆ ఇంట్లోనే, మా ఇద్దరి మధ్యే ఉందన్నమాట. కోపమొచ్చింది. ఏడుపూ వచ్చింది.

"ఆ పేరు తీసేత్తన్నాను. మీ పేరు పెట్టుకుంటాను. మీరు చెయ్యండి, తీరికుంటే ఎత్తి మాటాడతాను. రింగులు మాత్రం ఇంక ఇవ్వను. రేపు రాత్రికి ఇంటికొత్తాను. ఉద్యోగం మాన్ను, శాంతికి మీరే చెప్పండి."

పెట్టేసి బండ మీద కూర్చున్నాను. ఒక్కో అక్షరం చెరిపి లూర్దు మేరీ అని కొట్టాను. ఆ ఇంట్లో ఆమె రూఫస్ అమ్మే. ఆమెను ఎవరైనా సొంత పేరుతో పిలవగా నేనెప్పుడూ వినలేదు.

సేవ్ అయిందో లేదో మళ్ళీ మోగింది. లూర్దు మేరీ. కింద నుంచి కుమారి కేకేస్తోంది, లోయలోకి దిగుతున్నారట, రమ్మని.

మోగనిచ్చాను. లోయ చూసొచ్చాక చేస్తాను.